బోసినోటి ముసలాయన వయసెంత?

బగుల్‌స్కెల్లీ అనే స్టేషను ఏ రైల్వే పటంలోనూ ఉండదు. ఉత్తర ఐర్లండు సరిహద్దు దగ్గర ఉన్నట్టుగా 1937 నాటి ‘ఓ, మిస్టర్ పోర్టర్!’ సినిమాలో చూపించిన ఆ స్టేషనును నిజానికి ఇంగ్లండులోనే, హాంప్‌షైర్ జిల్లాలో, బేసింగ్‌స్టోక్ నుంచి ఆల్టన్ వెళ్ళే చిన్న రైలుమార్గం మీద క్లిడ్స్‌డెన్ అనే చోట తీశారు. ఆ మార్గం అప్పటికే మూతబడింది. కథలో అక్కడికి కొత్తగా వచ్చిన స్టేషన్ మాస్టరు, మనిషన్నవాడు కనబడక, టికెట్లు ఇచ్చే కిటికీ తలుపు తడతాడు. తలుపు చటుక్కున తెరుచుకుని, అందులోంచి పలచటి గడ్డం, బోసినోరు ఉన్న ఒక ముసలి తల బయటికి వస్తుంది. తరవాతి బండి వెళ్ళిపోయిందని కీచుగొంతుతో ఒక్క మాట అనేసి, వచ్చినంత వేగంగానూ లోపలికి పోతుంది. ఇంకా రావలసిన బండి అప్పుడే ఎలా వెళ్ళిపోయిందో అడుగుదామనుకునేసరికి తలుపు మూసుకుంటుంది. రెండు మూడు క్షణాల పని. ఎనభై దాటిన మనిషని ఎవరైనా ఒట్టేసి చెప్పగల ఆ ముసలాయన పేరు హార్‌బాటిల్. ఆ వేషం వేసిన మూర్ మారియట్‌కు ఆ సినిమా తీసే రోజుల్లో ఇంకా 52 ఏళ్ళు నిండలేదు. ఎదురుగా నిలబడి విసుక్కుంటున్న స్టేషన్ మాస్టరు, అంటే ఆ సినిమా కథానాయకుడైన హాస్యనటుడు విల్ హే, ఆయనకన్నా చిన్నవాడే కానీ ఆ తేడా మూడేళ్ళే.

ఈ సంగతి చెప్పగానే చాలామంది ‘అబ్బ, మేకప్ ఎంత బాగా కుదిరిందో’ అంటారు. నాకు చిరాకు కలిగించే మెచ్చుకోలు అదే. హార్‌బాటిల్‌ను తయారుచేసింది మేకప్ కాదని, విల్ హే కూడా కాదని, ఆ ముసలాయన అప్పటికి పదిహేనేళ్ళకు పైగా బ్రిటిష్ సినిమా పెరట్లో, ఎవరూ పట్టించుకోని సినిమాల్లో, కొంచెం కొంచెంగా తయారవుతూ వచ్చాడని నా వాదన. బ్రిటిష్ సినిమా చరిత్ర రాసేవాళ్ళు సిగ్గుపడి దాటేసే కాలం ఒకటుంది. ఆ కాలాన్ని పక్కనపెడితే మారియట్ లాంటి నటుడు ఎలా వచ్చాడో చెప్పడం కుదరదు.

ఆయన పూర్తి పేరు జార్జ్ థామస్ మూర్ మారియట్. 1885 సెప్టెంబరులో లండనుకు పడమట వెస్ట్ డ్రేటన్‌లో పుట్టాడు. నాటకాల కుటుంబం. భవన నిర్మాణశిల్పిగా చదువు మొదలుపెట్టి, అది వదిలేసి నటనలోకి వచ్చాడు. మొదటి ప్రపంచయుద్ధానికి ముందే మూకీల్లో కనబడడం మొదలైంది. ఇంతకు మించి ఆయన సొంత జీవితం గురించి జనం చెప్పుకునేది చాలా తక్కువ. విల్ హే గురించి ఎవరు రాసినా ఆయన ఇంట్లో దూరదర్శిని ఉండేదని, 1933 ఆగస్టులో శనిగ్రహం మీద తెల్లమచ్చను కనిపెట్టింది ఆయనేనని తప్పకుండా రాస్తారు. రాయవలసిన సంగతే, కాదనను. మారియట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘వేషానికో జత కట్టుడు పళ్ళు దాచుకునేవాడట’ అన్న ఒక్క ముచ్చటతో సరిపెడతారు. ఆ కట్టుడు పళ్ళనూ వింతగా చెప్పి వదిలేస్తారు గాని, ఒక నటుడు వాటిని ఎందుకు పోగుచేసుకోవలసి వచ్చిందో అడగరు. దాని సంగతి తరవాత.

1920ల మొదట్లో మానింగ్ హేన్స్ అనే దర్శకుడు, లిడియా హేవర్డ్ అనే రచయిత్రి కలిసి డబ్ల్యూ. డబ్ల్యూ. జేకబ్స్ కథలను వరసగా సినిమాలుగా తీశారు. జేకబ్స్ థేమ్స్ నది ఒడ్డున వాపింగ్‌లో, సరుకుల రేవుల మధ్య పెరిగినవాడు. ఆయన కథల్లో రాజులూ ప్రభువులూ ఉండరు. సరుకు పడవలు నడిపే సరంగులు, సెలవు మీద ఒడ్డుకొచ్చిన నావికులు, సారాకొట్టు యజమానులు, నోరున్న భార్యలు, పిసినారి మామలు ఉంటారు. అలాంటి కథలను సినిమాగా తీయాలంటే కథానాయకుడి అందం అక్కరకు రాదు. సరంగును చూస్తే సరంగులాగే, మామను చూస్తే మామలాగే ఉండాలి. మారియట్ ఆ వరసలో మళ్ళీ మళ్ళీ నటించాడు. బ్రిటిష్ మూకీల గురించి మంచి మాట చెప్పడానికి అంతగా ఇష్టపడని విమర్శకులు కూడా ఈ చిన్న సినిమాలను మెచ్చుకుంటారు.

ఆ వరసలో నవ్వుతాలు కానిది ఒకటుంది, 1923లో వచ్చిన ‘ది మంకీస్ పా’. మూడు కోరికలు తీర్చే కోతి పంజా ఒకటి ఒక ముసలి దంపతుల చేతికి వస్తుంది. 200 పౌండ్లు కావాలని తండ్రి సరదాగా కోరుకుంటాడు. మర్నాడు కార్ఖానాలో యంత్రంలో పడి కొడుకు చచ్చిపోతాడు, పరిహారంగా వచ్చిన సొమ్ము సరిగ్గా 200 పౌండ్లు. ఆ తండ్రి జాన్ వైట్ వేషం మారియట్‌ది, తల్లి వేషం మేరీ ఆల్ట్‌ది. మారియట్‌కు అప్పటికి 40 ఏళ్ళయినా లేవు. పనికి పోయే వయసున్న కొడుకును పోగొట్టుకున్న ముసలి తండ్రిగా, అదీ నవ్వించడానికి కాదు, భయపెట్టడానికీ ఏడిపించడానికీ, ఆయన ఆనాడే నిలబడ్డాడు. హార్‌బాటిల్‌ను చూసి ‘వెర్రి ముసలాయన వేషం తప్ప ఇంకేం చేశాడు’ అనేవాళ్ళకు ముందుగా చూపించవలసింది ఈ పధ్నాలుగేళ్ళ తేడాను. ఆయన ముసలితనం మొదట విషాదంలో కుదురుకుని, హాస్యంలోకి తరవాత వచ్చింది.

(బ్రిటిష్ మూకీల కాలంతో మనకూ ఒక లంకె ఉంది. రఘుపతి వెంకయ్య గారు తన కొడుకు ప్రకాశ్‌ను పని నేర్చుకు రమ్మని లండను పంపితే, ఆయన బార్కర్ వాళ్ళ స్టూడియోలో నేర్చుకుని వచ్చి మద్రాసులో మూకీలు తీశారు. ఆ కాలపు బ్రిటిష్ సినిమాను మనం మరీ పరాయిదిగా చూడనక్కర్లేదని చెప్పడానికే ఈ మాట.)

1928లో వాల్టర్ వెస్ట్ తీసిన ‘స్వీనీ టాడ్’లో, గిరాకీల గొంతు కోసే మంగలిగా మారియట్ ప్రధాన పాత్రే వేశాడు. అంటే పెద్ద వేషాలు రాకపోలేదు. కాని ఆయన జీవితంలో అసలు మలుపు ఆ మరుసటి ఏడు వచ్చింది, అదీ రైలింజను మీద.

‘ది ఫ్లయింగ్ స్కాట్స్‌మన్’ 1929లో కాసిల్టన్ నైట్ తీసిన సినిమా. మూకీగా మొదలై నడుమ టాకీగా మారుతుంది. అప్పుడే మాట వస్తున్న రోజులు గనక మొదటి భాగంలో అక్షరాల పలకలు, తరవాతి భాగంలో పాత్రల గొంతులు. బాబ్ వైట్ అనే ముసలి ఇంజను డ్రైవరుకు ఉద్యోగ విరమణ దగ్గరపడింది. తాగి పనికి వచ్చిన ఫైర్‌మన్ మీద ఆయన ఫిర్యాదు చేస్తాడు, వాడి ఉద్యోగం పోతుంది, వాడు పగబడతాడు. ఇంకోపక్క, డ్రైవరు కూతురిని ప్రేమించిన కుర్రవాడే కొత్త ఫైర్‌మన్‌గా ఇంజనెక్కుతాడు. ఆ కుర్రవాడు తరవాత హాలీవుడ్‌లో పెద్దపేరు తెచ్చుకున్న రే మిలాండ్. కూతురు వేషం వేసిన పాలీన్ జాన్సన్ నడుస్తున్న బండి పెట్టెల బయటి అంచు పట్టుకుని, మడమ చెప్పులతో, నిజంగానే నడిచింది. రైల్వే కంపెనీ తన అసలు బండినే ఇచ్చి, తీరా సినిమా చూశాక భద్రత విషయంలో తమ పేరు పోతుందని హడలిపోయి, ఇవన్నీ కథకోసం కల్పించినవని మొదట్లోనే ఒక ప్రకటన పెట్టించింది.

డ్రైవరు బాబ్ వైట్ మన మారియట్టే. వయసు 43 ఏళ్ళ దగ్గర. ఈ సినిమాను, ‘ఓ, మిస్టర్ పోర్టర్!’ను నేను ఒకే రాత్రి వెంటవెంట చూశాను. అలా చూస్తే తప్ప ఆయన చేసిన పని ఎంతటిదో తెలియదని ఇప్పటికీ అనుకుంటాను. ఇంజను అదుపు చేతిలో ఉన్న మనిషికి ఒక నిబ్బరం ఉంటుంది, అది బాబ్ వైట్‌లో ఉంది. తోటివాడి మీద ఫిర్యాదు చేయడం కష్టమే, అయినా చేయక తప్పదు. ఎనిమిదేళ్ళ తరవాత అదే నటుడు అదే రైల్వేలో హార్‌బాటిల్ అయ్యేసరికి ఆ విధి, ఆ నిబ్బరం, ఆ పరువు గంగలో కలిశాయి. మిగిలింది ఒక ముసలి గుమాస్తా. బండ్లు రావు, వచ్చినవి ఆగవు, ఆగినా ఈయనకు పట్టదు. బండ్లలో వచ్చిన సరుకులు తన బతుకుతెరువుకే వచ్చాయని ఆయన నమ్మకం. ఒకే వృత్తికి రెండు కొసలనూ ఇంత దగ్గరగా చూసిన నటుడు గనకనే, రెండోదాన్ని అంత ధైర్యంగా వెక్కిరించగలిగాడు.

మూకీ పోయి టాకీ వచ్చినప్పుడు తారలు రాలిపోయిన కథలు అందరికీ తెలిసినవే. క్యారెక్టర్ ఆర్టిస్టుల సంగతి ఎవరికీ పట్టలేదు. నిజానికి మాట రావడం వాళ్ళకు మేలే చేసింది. అందగాడి గొంతు ప్రేక్షకుడు అంతకుముందే మనసులో ఊహించుకున్న గొంతుతో పోటీపడి ఓడిపోవచ్చు. ముసలి సరంగుకు అలాంటి ముందస్తు గొంతేమీ లేదు. ఏ గొంతు పెట్టినా అదే వాడి గొంతు. మారియట్‌కు నాటకరంగపు గొంతు ఎటూ ఉంది. దానికి తోడు పళ్ళు తీసేస్తే పలుకు మారిపోతుందన్న సంగతి మూకీల్లో అక్కరకు రాలేదు, టాకీల్లో అదే పెట్టుబడి అయింది.

1927లో బ్రిటిష్ పార్లమెంటు సినిమా చట్టం ఒకటి చేసింది. హాలీవుడ్ సినిమాల వరదలో సొంత సినిమా కొట్టుకుపోతోందని, పంపిణీదారులు తాము ఇచ్చే సినిమాల్లో మొదట నూటికి ఏడున్నర, థియేటర్లవాళ్ళు తాము ఆడించే వాటిలో నూటికి 5 వంతులు బ్రిటిష్ సినిమాలే ఉండేలా చూడాలని, ఆ వాటా ఏటేటా పెరిగి 1930ల నడుమకు నూటికి 20 కావాలని దాని సారాంశం. లండనులోని అమెరికన్ పంపిణీ కంపెనీలు చట్టాన్ని అక్షరాలా పాటించాయి, అంటే వీలైనంత చవగ్గా పాటించాయి. చిన్న స్టూడియోలకు గుత్తకిచ్చి, అడుగు ఫిల్ముకు ఒక పౌండు లెక్కన, రెండు మూడు వారాల్లో సినిమా చుట్టబెట్టించాయి. ట్వికెన్‌హాం లాంటి స్టూడియోల్లో పగలొక సినిమా, రాత్రొక సినిమా తీసేవాళ్ళు. ఆ సరుకుకు జనం పెట్టిన పేరు కోటా క్వికీలు. వాటిలో కొన్ని ప్రొద్దున్నే హాలు ఊడ్చేవాళ్ళ ముందు ఆడించి లెక్క చూపించేవారని వెక్కిరింపు. అదే ఏడు మన దేశంలోనూ, సామ్రాజ్యంలో తీసిన సినిమాలకు పెద్దపీట వేయాలా అన్న ప్రశ్న లేచి, మద్రాసు న్యాయవాది టి. రంగాచారియార్ అధ్యక్షతన విచారణ సంఘం ఊరూరా తిరిగిందని గుర్తుచేసుకుంటే, ఈ గొడవ ఎంతదూరం పాకిందో అర్థమవుతుంది.

కోటా క్వికీలను తిట్టడం చాలా తేలిక. సినిమాను సినిమాగా తీసుకుని తూకం వేస్తే వాటిలో ఎక్కువభాగం తిట్టు తినవలసినవే. నేను వేరే తూకం అడుగుతున్నాను. నటుడి పనితనం ఒక సినిమాలో తేలేది కాదు. ఎన్ని వేషాలు, ఎంతమంది దర్శకులు, ఎన్ని రకాల కథలు అన్నదాని మీద తేలుతుంది. ఏడాదికి నాలుగు గొప్ప సినిమాలు మాత్రమే తీసే దేశంలో, మారియట్ లాంటివాడికి నాలుగింటిలోనూ కలిపి రెండు చిన్న వేషాలు దొరికేవి. ఈ చవక సినిమాల కాలంలో ఆయన గని కార్మికుడయ్యాడు, ఊరి పెద్దయ్యాడు, దుకాణదారయ్యాడు, పక్కింటి మామయ్యాడు. ఒకపక్క ఇవి చేస్తూనే, ఇంకోపక్క ఆంథనీ ఆస్క్విత్ లాంటి పేరున్న దర్శకుడి ‘డాన్స్ ప్రెటీ లేడీ’లో, 1932లో, నాయిక తండ్రి వేషం కూడా వేశాడు. చవక సినిమా, పరువైన సినిమా అన్న గోడ విమర్శకుల రాతల్లో ఉన్నంత గట్టిగా నటుల రోజువారీ పనిలో ఉండేది కాదు.

ఇప్పుడు కట్టుడు పళ్ళ సంగతి. రెండు వారాల్లో సినిమా అయిపోవాలి. రెండోసారి తీద్దామంటే ఫిల్ము లేదు. పాత్ర గురించి మాట్లాడుకునే తీరిక దర్శకుడికి లేదు. మేకప్ గదిలో ఉన్నది ఒకరో ఇద్దరో. అలాంటిచోట క్యారెక్టర్ ఆర్టిస్టు పాత్రను ఇంటి దగ్గరే తయారుచేసుకుని, పెట్టెలో పెట్టుకుని తెచ్చుకోవాలి. జతలు జతలుగా పళ్ళు దాచుకోవడం వెర్రి సరదా కాదు, పనిముట్లను సిద్ధంగా ఉంచుకోవడం, అని నా ఉద్దేశం. ఏ పలువరస పెడితే దవడ ఎంత ముందుకొస్తుందో, అసలు ఏదీ పెట్టకపోతే పెదవులు ఎంత లోపలికి పోయి ఏ అక్షరం జారిపోతుందో, అది ముందే తెలిసినవాడికే ఆ రోజుల్లో పని దొరికేది. కెమెరా ఆడేలోగా ముసలివాడు కావడం ఆయనకు ఆ వేగంలోనే అబ్బింది. 1938లో చట్టం మార్చి ఖర్చుకు కనీస పరిమితి పెట్టాక క్వికీలు తగ్గిపోయాయి. అది మంచిదే. అప్పటికి మారియట్ చదువు పూర్తయింది.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, దాన్ని తీసిపారేయలేను. ఒక నటుడు బాగుపడ్డాడని ఒక విధానాన్ని వెనకేసుకు రాకూడదు. ఆ స్టూడియోల్లో పగలంతా సినిమాలో, రాత్రి నాటకంలో నలిగిపోయిన నటులున్నారు. మారియట్ కన్నా తక్కువేమీ కాని వాళ్ళు పేరు కూడా మిగలకుండా పోయి ఉంటారు. ఒప్పుకుంటాను. నేను చట్టాన్ని పొగడడం లేదు. ఆ చట్టం నీడలో జరిగిన పనిని చెత్తబుట్టలో వేసి, దాని పంటను మాత్రం విల్ హే ఖాతాలో రాయడం కుదరదంటున్నాను.

ఆ ఖాతా సంగతే చూడండి.  1936లో ‘విండ్‌బ్యాగ్ ది సెయిలర్’ నాటికి హార్‌బాటిల్ అన్న పేరు మారియట్‌కు వచ్చింది, మనిషి మాత్రం మారియట్ అప్పటికే వేస్తూ వచ్చిన ముసలాయన. అంటే ఆ సినిమాలు తీసిన గెయిన్స్‌బరో కంపెనీ ఒక పాత్రను రాసుకుని దానికి నటుణ్ణి వెతకలేదు, నటుడి దగ్గర సిద్ధంగా ఉన్న పాత్రకు చీటీ అంటించింది. విల్ హే, మారియట్‌ల జట్టులో మూడోవాడు లావుపాటి కుర్రవాడు గ్రాహమ్ మాఫట్, 1919లో పుట్టినవాడు. ‘ఓ, మిస్టర్ పోర్టర్!’కు మార్సెల్ వార్నెల్ అనే ఫ్రెంచి మనిషి దర్శకుడు. బ్రిటిష్ హాస్యమంటే ఇదేనని ఇంగ్లీషువాళ్ళు ఇప్పటికీ చూపించే సినిమాను పారిసువాడు తీశాడన్నది నాకు భలే నచ్చే సంగతి.

ఈ ముగ్గురి లెక్క ఎలా నడుస్తుందో చూడాలి. విల్ హే ఎప్పుడూ ఏదో ఒక అధికారి. బడిపంతులు, స్టేషన్ మాస్టరు, పోలీసు సార్జెంటు, జైలు అధికారి. చేతిలో అధికారం ఉంది, తలలో సరుకు లేదు. అలాంటివాడి కింద చురుకైన ఉద్యోగులను పెడితే అధికారి మూర్ఖుడని రెండు నిమిషాల్లో తేలిపోయి కథ అయిపోతుంది. మరీ మూర్ఖులను పెడితే అధికారి గెలుస్తాడు, అప్పుడూ కథ అయిపోతుంది. ముసలాయనకు ఆ చోటు అధికారికన్నా బాగా తెలుసు, కుర్రవాడికి ముసలాయన కన్నా లోకం బాగా తెలుసు, కాని ఇద్దరికీ పని చేయాలని లేదు. కొత్త అధికారి అరిచినా, బతిమాలినా, బెదిరించినా, ముందునుంచీ నడుస్తున్న సోమరి రాజ్యం మళ్ళీ తన దారికే వస్తుంది. ఈ ఏర్పాటులో హార్‌బాటిల్ వయసు చేసే పనేమిటంటే, ‘ఇది ఎప్పటినుంచో ఇలాగే ఉంది’ అనడానికి నోరు తెరవనక్కర్లేని సాక్ష్యంగా నిలబడడం.

వయసు మీరిన మనిషిని బోసినోటితో నిలబెట్టి నవ్వించడం ముసలివాళ్ళను కించపరచడమేనని అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను, ఎందుకో చెప్తాను. మనకు గుమ్మడి వెంకటేశ్వరరావు గారు ఉన్నారు. 1927లో పుట్టిన ఆయన 1955 నాటి ‘అర్ధాంగి’లో తనకన్నా పెద్దవాడైన అక్కినేనికి తండ్రిగా నటించి, ఆ తరవాత జీవితమంతా చాలావరకు తండ్రిగానే ఉండిపోయారు. కనక కుర్రతనంలో ముసలి వేషం మనకు వింత కాదు. కాని గుమ్మడి గారి ముసలితనం వెంట ఒక పెద్దరికం నడిచి వచ్చేది. ఆయన దగ్గితే ఇంట్లోవాళ్ళు లేచి నిలబడతారు. హార్‌బాటిల్ దగ్గితే, మాఫట్ వేసిన కుర్ర ఆల్బర్ట్ ఆయన్ని పక్కకు తోస్తాడు. ఆ తోపుకు హార్‌బాటిల్ కుంగిపోడు, జాలి అడగడు, తిరిగి తోస్తాడు. మారియట్ శరీరాన్ని గమనిస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. మొహం ఎనభై ఏళ్ళది, కాళ్ళు మాత్రం పాతికేళ్ళవి. గెంతుతాడు, పరిగెత్తుతాడు, గాలిమర రెక్కలు పట్టుకుని దిగే చోట మిగతా ఇద్దరితో సమంగా వేలాడతాడు. ముసలితనం అంటే నెమ్మది, నీరసం, కన్నీళ్ళు అని ప్రేక్షకుడు సిద్ధంగా పెట్టుకున్న ఊహను ఆ కాళ్ళు ఎప్పటికప్పుడు తన్నేస్తూ ఉంటాయి. కించపరచడం ఉన్నది జాలి పుట్టించడంలో. ఇక్కడ అది బొత్తిగా లేదు.

1939 నాటి ‘ఆస్క్ ఎ పోలీస్‌మన్’లో ఆయన ఇంకో అడుగు ముందుకు వేశాడు. తలలేని రౌతు గురించిన పాత పద్యంలో చివరి చరణం ఎవరికీ గుర్తులేదు, హార్‌బాటిల్ తండ్రికి తప్ప. ఆ తండ్రి వేషమూ మారియట్టే వేశాడు. ముసలివాడి తండ్రి ఇంకా ముసలివాడు కావాలి, కాని ఇద్దరూ ఒకడే అని ప్రేక్షకుడు గుర్తుపట్టి నవ్వుకోవాలి కూడా. కొడుకులో ఉన్న గడుసుదనం తండ్రిలో ముదిరి చాదస్తమైంది. గడ్డం పెంచితే సరిపోయే తేడా కాదది. అన్నట్టు, అదే ఏడు ‘ది ఫ్రోజెన్ లిమిట్స్’లో బంగారం ఉన్న చోటు నిద్రలో నడుస్తున్నప్పుడు మాత్రమే గుర్తుకువచ్చే ముసలాయనగా వచ్చి, ఆరుగురు హాస్యగాళ్ళ గుంపు మధ్యలో తన వాటా తాను తీసుకుపోయాడు. పక్కన విల్ హే లేకపోతే ఆయన వెలగడనే మాటకు ఇది చాలు జవాబు.

1940లో ‘వేర్స్ దట్ ఫైర్?’ తరవాత విల్ హే ఆ ఇద్దరినీ వదిలి ఈలింగ్ కంపెనీకి వెళ్ళిపోయాడు. తన పేరు ఈ ముగ్గురి జట్టులో కలిసిపోతోందని ఆయనకు అనిపించిందంటారు. అది దురాశేమీ కాదు, ఒంటి పేరు మీద బతికే హాస్యనటుడికి ఆ భయం సహజం. ఆ తరవాత ఆయన తీసిన సినిమాల్లో మంచివి ఉన్నాయి, కాని పక్కన నిలబడి ఆయన అధికారాన్ని కొరుక్కుతినేవాళ్ళు లేరు. గెయిన్స్‌బరోవాళ్ళు మారియట్‌నూ మాఫట్‌నూ ఆర్థర్ ఆస్కీ అనే హాస్యనటుడి పక్కన పెట్టి ‘ఐ థాంక్ యూ’, ‘బ్యాక్-రూమ్ బాయ్’ లాంటివి తీశారు. ఆస్కీ తానే గెంతే మనిషి. గెంతేవాడి పక్కన గెంతే ముసలాయన అవసరం అంతగా ఉండదు. ఆ సినిమాలను నేను ఒకసారి చూసి ఊరుకున్నాను.

యుద్ధకాలంలో ఆయనకు దొరికిన మంచి వేషం 1943 నాటి ‘మిలియన్స్ లైక్ అస్’లో ఉంది. ‘ఓ, మిస్టర్ పోర్టర్!’ మూలకథ అల్లిన ఫ్రాంక్ లాండర్, సిడ్నీ గిలియట్‌తో కలిసి రాసి తీసిన సినిమా ఇది. విమాన కర్మాగారంలో పనికి పోయిన సీలియా అనే అమ్మాయి కథ. ఆమె తండ్రి జిమ్ క్రౌసన్‌గా మారియట్ వేశాడు. భార్య పోయిన మనిషి, ఇంటిపని ఎప్పుడూ చేసి ఎరగడు. కూతుళ్ళు ఒక్కొక్కరే యుద్ధపు పనులకు వెళ్ళిపోతే ఖాళీ ఇంట్లో మిగిలిపోతాడు. సణుగుతాడు, అలుగుతాడు, హోమ్‌గార్డు దుస్తులు వేసుకుని కాస్త గొప్పపోతాడు. గడ్డం లేదు, గెంతు లేదు. నవ్వు పుట్టించే వేళా, జాలి పుట్టబోయే వేళా ఆయన ఒకేలా చిన్నగా కదులుతాడు. హార్‌బాటిల్‌ను ఆరేళ్ళకు ముందే ఊహించిన రచయితకు, ఆ గెంతు వెనక ఈ నిశ్శబ్దం కూడా ఉందని తెలిసి ఉండాలి. మూడేళ్ళ తరవాత గిలియట్ తన ‘గ్రీన్ ఫర్ డేంజర్’లో మళ్ళీ ఆయన్నే పిలిచాడు. ఊళ్ళో ఉత్తరాలు పంచే జో హిగ్గిన్స్, ఎగిరే బాంబు దెబ్బ తిని ఆసుపత్రి బల్ల మీద మత్తులోనే ప్రాణం వదులుతాడు. ఆ చావు చుట్టూనే అలస్టెయిర్ సిమ్ ఇన్‌స్పెక్టరుగా నడిపే కథంతా తిరుగుతుంది. కథ మొదట్లోనే చచ్చిపోయే మనిషి చివరిదాకా ప్రేక్షకుడికి గుర్తుండాలంటే, ఆ కొద్ది నిమిషాల్లోనే అతనికి ఒక ఊరు, ఒక రోజువారీ బతుకు ఉన్నట్టు తోచాలి. ఆ పనికి క్వికీల్లో నలిగిన నటుడికన్నా తగినవాడు దొరకడు.

చివరి వేషాల్లో ఒకటి 1949లో, జాన్ మిల్స్ కథానాయకుడిగా వచ్చిన ‘ది హిస్టరీ ఆఫ్ మిస్టర్ పాలీ’లో ఉంది. హెచ్. జి. వెల్స్ నవలలోని పెంట్‌స్టెమన్ అనే తగాదాకోరు పెద్దాయన వేషమది, చావు ఇంటికీ పెళ్ళి ఇంటికీ ఒకే మొహంతో వచ్చే మనిషి. అదే ఏడు డిసెంబరులో మారియట్ సముద్రం ఒడ్డున బోగ్నార్ రీజిస్ అనే ఊళ్ళో చనిపోయాడు. వయసు 64. తెర మీద ఇరవై ఏళ్ళకు పైగా వేసిన వయసును ఆయన అందుకోలేదు.

ఆయన మూకీల్లో చాలావాటి దారి తెలియదు. నైట్రేటు ఫిల్ము కాలిపోవడమో, వెండి కోసం కరిగించడమో జరగడంతో ఆ కాలపు బ్రిటిష్ సినిమాల్లో అధికభాగం పోయాయి. కాబట్టి ఎవరైనా మారియట్‌ను చూడదలచుకుంటే నేను చెప్పే వరస ఇది. ముందు ‘ది ఫ్లయింగ్ స్కాట్స్‌మన్’, వెంటనే ‘ఓ, మిస్టర్ పోర్టర్!’, ఆ రెండింటి తరవాత ‘మిలియన్స్ లైక్ అస్’. విల్ హే పేరు మీద అమ్మే డీవీడీ పెట్టెల్లో మొదటిదీ మూడోదీ ఉండవు, విడిగా వెతుక్కోవాలి.